పెట్రోలు బ్రష్ కట్టరు – వాడుకలో జాగ్రత్తలు, సంరక్షణ

పొలము గట్లపై గరిక, తుంగ, తోటల వరుసల నడుమ వయ్యారిభామ, కంచెల వెంట సర్కారు తుమ్మ విపరీతముగా పెరుగుట రైతులందరు ఎరిగినదే. పూర్వము వీనిని కొడవలితోను, కత్తితోను కొట్టించెడివారు. కూలీలు సమయమునకు దొరకని ఈ రోజులలో పెట్రోలుతో నడుచు బ్రష్ కట్టరు ఊరూర కనిపించుచున్నది. నడుము వంచకుండ, నిలబడి తక్కువ కాలములో ఎక్కువ గట్టు శుభ్రము చేసికొనుటకు ఇది మంచి సాధనమే.

అయితే కొడవలికిని, దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. కొడవలి చేయి ఆగినచో ఆగును. ఈ యంత్రము చేయి ఆగినను ఆగదు. ఇంజను తిరుగుచున్నంతసేపు అది గడ్డిని, రాతిని, కాలిని ఒకే విధముగ చూచును. గడ్డి చిక్కినప్పుడు, పెట్రోలు పోయునప్పుడు, బ్లేడు మార్చునప్పుడు, ఎవరైన దగ్గరకు వచ్చినప్పుడు ఏమరుపాటు కలుగును. ఆ క్షణముననే కన్నో, కాలో పోవు ప్రమాదము కలదు. కావున ఈ వ్యాసములోని విషయమంతయు ఒక్క నియమముపై ఆధారపడి యున్నది: ఇంజను ఆగి, బ్లేడు నిలిచిన తరువాతనే చేయి బ్లేడు వైపు పోవలెను.

యంత్రము పనిచేయు విధము

ఇంజను శక్తి పొడవైన గొట్టములోని కడ్డీ ద్వారా చివరనున్న గేరు పెట్టెకు, అచ్చటి నుండి బ్లేడునకు చేరును. ఇంజనునకు, కడ్డీకి నడుమ క్లచ్చి కలదు. ఇంజను నెమ్మదిగా నడుచునప్పుడు క్లచ్చి పట్టదు. వేగము హెచ్చినప్పుడు క్లచ్చి బిళ్లలు విచ్చుకొని కడ్డీని త్రిప్పును. కావున యాక్సిలరేటరు మీటను వదలినంతనే బ్లేడు క్రమముగ ఆగిపోవలెను. మీట వదలిన తరువాత కూడ బ్లేడు తిరుగుచునే యున్నచో ఇంజను వేగము ఎక్కువగా నున్నదనియో, క్లచ్చి స్ప్రింగు విరిగినదనియో గుర్తించి, బాగు చేయించువరకు ఆ యంత్రముతో పని చేయరాదు.

బ్లేడు వేగమెంతయో లెక్క వేసి చూడుడు. 255 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల బ్లేడు నిమిషమునకు 6000 చుట్లు తిరిగినచో, దాని అంచు సెకనుకు 80 మీటర్లు, అనగా గంటకు సుమారు 288 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ అంచునకు తగిలిన గులకరాయి వడిసెల రాయి కంటె వేగముగా ఎగురగలదు. అందువలన పని జరుగుచోటికి 15 మీటర్లలోపు మనుష్యులు గాని, పశువులు గాని ఉండరాదు. 15 మీటర్లనగా సుమారు ఇరువది పెద్ద అంగలు. ఎవరైన ఆ హద్దు దాటి వచ్చినచో, పలుకరించుటకు ముందే మీటను వదలి ఇంజను ఆపవలెను.

పనిని బట్టి బ్లేడు

మెత్తని గడ్డికి నైలాను తాడు చాలును. ముదురు గడ్డికి, పలుచని పొదలకు రెండు లేక మూడు పళ్ల బ్లేడు వాడవలెను. బొటనవ్రేలి కంటె లావైన కొమ్మలకు రంపపు పళ్ల బిళ్ల కావలెను. మణికట్టు లావు తుమ్మకు గొడ్డలియే తగును.

నైలాను తాడు అరిగినప్పుడు దానికి బదులుగ ఇనుప తీగ గాని, సైకిలు బ్రేకు తీగ గాని కట్టుట మిక్కిలి ప్రమాదకరము. తీగ తునుకలు తెగి తుపాకి గుండ్లవలె ఎగురును. పగులు గల బ్లేడును వెల్డింగు చేయించి వాడరాదు, పారవేయవలెను. బ్లేడుపైనున్న గార్డు గడ్డికి అడ్డు వచ్చుచున్నదని తీసివేయరాదు. కోయువాని కాళ్లకు, బ్లేడునకు నడుమ ఉన్నది అదొక్కటియే.

ఒంటికి రక్షణ

కంటి అద్దములు లేనిదే యంత్రమును ప్రారంభింపరాదు. సాధారణపు చలువ కళ్లద్దములు చాలవు. ప్రక్కలు కూడ మూసియుండు గట్టి రక్షణ అద్దములు కావలెను. ముఖమునకు జాలి కట్టుకొన్నను లోపల అద్దములు ఉండవలెను. కాళ్లకు గట్టి బూట్లు, నిండు ప్యాంటు ధరింపవలెను. పంచె, లుంగీ, చీర కొంగు, వ్రేలాడు తువ్వాలు పనికిరావు. వయ్యారిభామ కోయువారు పూర్తి చేతుల చొక్కా తొడిగి, ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు. ఆ మొక్క తగిలినచో పలువురకు చర్మముపై దురద, దద్దురులు కలుగును.

ఈ యంత్రపు చప్పుడు కోయువాని చెవి వద్ద 95 డెసిబెల్లు దాటుట సాధారణము. దినమునకు 8 గంటలు వినువారికి 85 డెసిబెల్లు మించిన చప్పుడు వినికిడికి హాని. చెవి చెడుట నొప్పి లేకుండ జరుగును గనుక చెవి బిరడాలు తప్పక వాడవలెను. అదురు వలన వ్రేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడుటయు కలదు. కావున అరగంట, ముప్పావు గంటకొకమారు ఇంజను ఆపి విశ్రాంతి తీసికొనుడు.

పెట్రోలు, ఆయిలు

కొనునప్పుడే మీ యంత్రము టూ స్ట్రోకో, ఫోర్ స్ట్రోకో అడిగి తెలిసికొనుడు. టూ స్ట్రోకు ఇంజనులో ఆయిలునకు వేరు తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనునకు జారుడునిచ్చును. ఆయిలు కలుపక నడిపినచో పిస్టను వేడెక్కి పట్టివేయును. మరమ్మతు ఖర్చు యంత్రపు వెలలో పెద్ద భాగము కాగలదు. యంత్రముతో వచ్చిన పుస్తకములో వ్రాసిన పాళ్లనే అనుసరింపవలెను.

50 పాళ్లకు 1 పాలు అన్నచో: లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు.
25 పాళ్లకు 1 పాలు అన్నచో: లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 200 మిల్లీలీటర్లు.

కొలత గ్లాసు లేక “అందాజుగా” పోయుట మంచిది కాదు. ఆయిలు ఎక్కువైనచో పొగ వచ్చి ప్లగ్గు నల్లబడును. కలిపిన పెట్రోలును నెల దినములకు మించి నిలువ యుంచరాదు. ఫోర్ స్ట్రోకు యంత్రములో పెట్రోలునకు ఆయిలు కలుపరాదు. ఇంజను ఆయిలు మట్టమును మాత్రము ప్రతి దినము చూడవలెను.

2025 నుండి మన బంకులలో 20 శాతము ఎథనాలు కలిసిన పెట్రోలు సాధారణమైనది. ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును; కొన్ని పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. కావున ట్యాంకులో పెట్రోలు నిలువ యుంచి యంత్రమును మూలపెట్టుట ఇప్పుడు మరింత హానికరము.

పెట్రోలు పోయుటకు ముందు ఇంజను ఆపి, పది నిమిషములు చల్లారనిండు. యంత్రమును నేలపై పెట్టి పోయవలెను. ఒలికినదానిని తుడిచి, పోసిన చోటు నుండి నాలుగైదు అంగలు దూరము పోయి ప్రారంభింపుడు. బీడీ, చుట్ట ఆ దరికి రారాదు. పెట్రోలును త్రాగునీటి సీసాలలో ఎన్నడును పోయరాదు. పిల్లలు నీరనుకొని త్రాగుదురు. గొట్టము నోట పెట్టి పెట్రోలు పీల్చుటయు ప్రాణాపాయకరమే.

పని ప్రారంభించుటకు ముందు

1. కోయవలసిన చోట ఒకమారు నడచి రాళ్లు, సీసా పెంకులు, తీగలు ఏరివేయుడు. డ్రిప్పు గొట్టములు, మోటారు కేబులు ఉన్నచోట కర్ర పాతి గుర్తు పెట్టుడు. పొడవు కర్రతో గడ్డిని కదలించినచో పాములున్నను తొలగిపోవును.
2. బ్లేడు నట్టు బిగువు చూడుడు. చాల యంత్రములలో ఈ నట్టు మరలు ఎదురు మరలు. సాధారణపు నట్టు విప్పు వైపునకు త్రిప్పినచో ఇది బిగియును.
3. గార్డు, పిడి, భుజపు బెల్టు సరిగానున్నవో లేవో చూడుడు. బెల్టు తగిలించుకొన్నప్పుడు బ్లేడు నేలకు కొంచెము పైన సమముగా నిలువవలెను. ఆపదలో ఒక్క గుంజుతో బెల్టు ఊడదీయుట అభ్యసింపుడు.
4. యంత్రమును చదునైన నేలపై పెట్టి, బ్లేడు దేనికిని తగులకుండ చూచి, ఒక చేతితో గట్టిగా అదిమి పట్టి, స్టార్టరు తాడు లాగవలెను. భుజమునకు తగిలించుకొని తాడు లాగరాదు.

కోయు విధము

పై నుండి చూచినప్పుడు బ్లేడు గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా తిరుగును. కావున కుడి నుండి ఎడమకు కోయుచు ముందుకు సాగవలెను. అప్పుడు కోసిన గడ్డి ఎడమ వైపున వరుసగా పడును.

బ్లేడును గడియారముగా భావింపుడు. మీ ఎదుట 12, కుడి ప్రక్క 3, ఎడమ ప్రక్క 9. కోతకు 9 నుండి 11 వరకుగల భాగము తగినది. 12 నుండి 3 వరకుగల భాగము రాతికి గాని, మోడునకు గాని తగిలినచో యంత్రము ఒక్క ఉదుటున కుడి వైపునకు, వెనుకకు తన్నును. ఆ తాపుకు కోయువాడు తూలి పడవచ్చును, బ్లేడు ప్రక్కవానిని తాకవచ్చును. కావున రెండు చేతులతో రెండు పిడులను పట్టుకొని, కాళ్లు ఎడముగా నుంచి నిలువవలెను. బ్లేడును నడుమునకు పైకి ఎత్తరాదు. వాలు గట్టుపై అడ్డముగా నడచుచు కోయవలెను. తడి గట్టుపై పని మానుట మేలు.

చెట్ల మొదళ్ల చుట్టు ఒక అడుగు మేర గడ్డిని చేతితోనే తీయుడు. నైలాను తాడు సైతము లేత మామిడి, బత్తాయి మొక్కల బెరడును ఒలిచివేయును. చుట్టును బెరడు పోయిన మొక్క నిలువున ఎండిపోవును. వయ్యారిభామను పూతకు రాకముందే కోయవలెను. పూత తరువాత కోసినచో విత్తనము పొలమంతట చల్లినట్లగును.

గడ్డి చిక్కుకొన్నప్పుడు

బ్లేడునకు గడ్డి గాని, తీగ గాని చుట్టుకొన్నప్పుడు “ఒక్క క్షణమే గదా” అని కాలితో తన్నుట, చేతితో లాగుట కొందరికి అలవాటు. మొదట ఇంజను ఆపుడు. బ్లేడు పూర్తిగా నిలుచువరకు ఆగుడు. తరువాత ప్లగ్గు టోపీ ఊడదీయుడు. ప్లగ్గు టోపీ ఊడియున్నంతవరకు ఇంజను ప్రారంభము కాజాలదు. అటు తరువాత చేతికి తొడుగు వేసికొని గడ్డిని తీయుడు. బ్లేడు మార్చునప్పుడును, పదును పెట్టునప్పుడును ఇదే వరుస. ఇందుకు పట్టునది రెండు నిమిషములు మాత్రమే.

సంరక్షణ

ప్రతి దినము: పని ముగిసిన పిదప యంత్రమును గుడ్డతో తుడిచి, ఇంజను రెక్కల నడుమ చేరిన గడ్డి, దుమ్ము తీసివేయవలెను, లేనిచో ఇంజను వేడెక్కును. గాలి వడపోత స్పాంజిని సబ్బు నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి అమర్చవలెను. వడపోత లేకుండ నడిపినచో దుమ్ము లోనికి పోయి పిస్టనును అరగదీయును.

సుమారు 25 గంటల పనికి ఒకమారు: ప్లగ్గు విప్పి శుభ్రము చేసి, సందు 0.6 నుండి 0.7 మిల్లీమీటరు వరకు ఉండునట్లు చూడవలెను. గేరు పెట్టె మర విప్పి గ్రీజు నింపవలెను. బ్లేడు పళ్లను ఆకురాయితో అన్నిటిని సమముగా పదును పెట్టవలెను. ఒక వైపు ఎక్కువ అరిగినచో యంత్రము అదురును.

నెలకు మించి మూలపెట్టునప్పుడు: ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తానే ఆగువరకు నడుపుడు. చల్లారిన పిమ్మట ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో కొన్ని చుక్కల ఆయిలు వేసి, తాడును రెండు మూడు మార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగింపుడు. బ్లేడునకు ఆయిలు పూసి, పిల్లలకు అందని పొడిచోట భద్రపరుపుడు.

ఇంజను ప్రారంభము కానిచో మెకానిక్కు వద్దకు పోవుటకు ముందు ప్లగ్గు విప్పి చూడుడు. తడిసియున్నచో పెట్రోలు ఎక్కువైనది, తుడిచి ఆరబెట్టుడు. నల్లని మసి పట్టియున్నచో ఆయిలు ఎక్కువయో, వడపోత మూసికొన్నదో అయి యుండును. ఎండియున్నచో పెట్రోలు రాకయున్నది. ట్యాంకులోని జల్లెడ చూడుడు.

ప్రమాదము జరిగినచో

రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, గాయపడిన భాగమును పైకెత్తి, 108కి ఫోను చేయవలెను. గాయముపై సున్నము, కాఫీ పొడి, పసుపు అద్దరాదు. ధనుర్వాతము రాకుండ సూదిమందు విషయము వైద్యునికి జ్ఞాపకము చేయవలెను. కంటిలో ఏదైన గ్రుచ్చుకొన్నచో నలుపరాదు, ఊడ లాగరాదు. ఆకు పసరు, చనుబాలు, ఆముదము పోయరాదు. వాని వలన పుండు పడి చూపు పోవు ప్రమాదము కలదు. కన్నుపై ఒత్తిడి పడకుండ శుభ్రమైన చిన్న గిన్నె బోర్లించి, వెంటనే కంటి వైద్యుని వద్దకు తీసికొని పోవలెను.

గ్రామాధికారులకు, సంఘములకు

యంత్రములను అద్దెకిచ్చు సంఘములవారు యంత్రముతో పాటు కంటి అద్దములు, చెవి బిరడాలు, కొలత గ్లాసు కూడ ఇచ్చి, తిరిగి లెక్క చూచుకొనవలెను. ఒక చిన్న పుస్తకములో నడిచిన గంటలు, గ్రీజు పెట్టిన తేది, వడపోత కడిగిన తేది వ్రాయించినచో పదిమంది చేతులు మారినను యంత్రము చెడదు. కూలికి వచ్చినవాడు అద్దములు అడుగకున్నను ఇచ్చుట యజమాని విధి. కన్ను పోయిన కూలి కుటుంబమునకు కలుగు నష్టము ఏ గట్టు కలుపు వలనను కలుగదు.

రైతు సోదర సోదరీమణులారా! ఈ యంత్రము మీ శ్రమను తగ్గించుటకు వచ్చినది. ప్రారంభించుటకు ముందు ఐదు నిమిషములు, ఆపిన తరువాత పది నిమిషములు దానికై వెచ్చింపుడు. గడ్డి చిక్కినప్పుడు ఇంజను ఆపుడు. ఇట్లు చేసినచో యంత్రము పలు సంవత్సరములు నడచును. పని చేసినవాడు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరును.