ఫిజిక్సు సూత్రాలు: ఇంటి భాషలో

మన పిల్లలు హైస్కూలు మెట్టెక్కగానే మొదట భయపడేది లెక్కలకు, తరువాత ఫిజిక్సుకు. లెక్కలకైతే ట్యూషను పెట్టిస్తాము. ఫిజిక్సు దగ్గరకు వచ్చేసరికి, "బడిలో తమిళం, లేకపోతే ఇంగ్లీషు. మన ఇంట్లో తెలుగు. మనమేం చెప్పగలం?" అని తలిదండ్రులు తప్పుకుంటారు. పిల్లవాడు సూత్రాలను ఎక్కాల వలె వల్లెవేసి, పరీక్ష కాగానే మరచిపోతాడు.

ఈ వ్యాసం వ్రాసేవాడు పంతులు కాడు. మెట్రిక్యులేషను వరకు చదివి, ఆఫీసులో పద్దులు వ్రాసుకునే గుమాస్తా. అయినా పిల్లల పక్కన కూర్చుని ఆ పుస్తకాలు తిరగవేసిన మీదట ఒక సంగతి స్పష్టమయింది. ముఖ్యమైన సూత్రాలు చాలా కొద్ది. వాటిలో కష్టం గుణకారంలో లేదు, మాటల్లో ఉన్నది. మాటలు విప్పి చెప్పడానికి ఇంటి తెలుగే చాలు.

మాటల చిక్కు

"వాడికి బలం లేదు" అన్నా, "శక్తి లేదు" అన్నా, "సామర్థ్యం చాలదు" అన్నా ఇంట్లో మనకు దాదాపు ఒకటే. శాస్త్రంలో ఇవి మూడూ వేరు. బలం అంటే నెట్టడం లేక లాగడం. తమిళ పుస్తకంలో దీనినే విసై అంటారు. ఆ బలం వల్ల వస్తువు ఆ దిక్కుగా కదిలితేనే పని జరిగినట్లు. పని చేయగల స్తోమతు శక్తి, అనగా తమిళంలో ఆట్రల్. సెకనుకు ఎంత పని జరిగిందన్నది సామర్థ్యం, అనగా తిరన్. ఇంత తెలిస్తే ఈ సూత్రాలు వాటంతట అవే నోటికి వస్తాయి:

బలం = ద్రవ్యరాశి × త్వరణం
పని = బలం × బలం దిక్కుగా జరిగిన దూరం
సామర్థ్యం = పని ÷ కాలం

మొదటిది న్యూటన్ 1687లో ప్రకటించిన గ్రంథంలోని రెండవ నియమం నుంచి వచ్చినది. త్వరణం అంటే సెకను సెకనుకూ వేగంలో వచ్చే మార్పు.

ఇంకొక చిక్కు బరువు. అంగడిలో మనం కిలోల్లో కొనేది శాస్త్రంలో ద్రవ్యరాశి. భూమి దానిని కిందికి లాగే బలం భారం. దానిని న్యూటన్లలో కొలుస్తారు. కిలోలను 9.8తో గుణిస్తే భారం వస్తుంది. కిలో బియ్యాన్ని చంద్రుని మీదికి తీసుకుపోయినా కిలోయే, ఒక్క గింజ తగ్గదు. భారం మాత్రం సుమారు ఆరవ వంతవుతుంది.

బావి లెక్క

చేదబావి ఉన్న ఇళ్ళు తగ్గినా, చేదడం తెలియనివారు మనలో తక్కువ. నీళ్ళతో కూడిన చేద 12 కిలోలు, నీటి మట్టం 10 మీటర్ల లోతున ఉన్నదనుకోండి. భారం 12 × 9.8, అనగా 117.6 న్యూటన్లు. పైకి లాగడానికి పని 1176 జౌళ్ళు. గిలక రాపిడిని లెక్కలోకి తీసుకోలేదు. మనుమడు 20 సెకన్లలో లాగితే అతని సామర్థ్యం సుమారు 59 వాట్లు, అంటే పాత గుండు బల్బంత. తాతయ్య అదే చేదను 40 సెకన్లలో లాగితే పని అంతే, సామర్థ్యం సగం.

ఆ నీళ్ళ బిందెను చంకన పెట్టుకుని ఇల్లాలు కదలకుండా నిలబడితే, బిందె మీద ఆమె చేసిన పని సున్న! ఇది విని ఆడవారు కోపగించుకోరాదు. ఆయాసం నిజమే, కండరాలలో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. బిందె మాత్రం పైకి జరగలేదు.

మీటరు, ప్లగ్గు

కరెంటు బిల్లులో యూనిట్ అంటే 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే అయ్యే శక్తి. గంటకు 3600 సెకన్లు కనుక అది 36 లక్షల జౌళ్ళు. పై బావి లెక్కతో భాగించి చూడండి, సుమారు 3060 చేదలు! ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే కేకలు వేయడం కంటే, ఈ లెక్క ఒకసారి పిల్లల చేత చేయించడం మేలు.

కరెంటు విషయంలో రెండు సూత్రాలు ప్రాణం కాపాడేవి. ఓమ్ 1827లో ప్రకటించిన నియమం: వోల్టేజి = కరెంటు × నిరోధం. రెండవది: సామర్థ్యం = వోల్టేజి × కరెంటు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల గీజరును దానితో భాగిస్తే 8.7 ఆంపియర్లు. గోడమీద చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకు, పెద్దది 16 ఆంపియర్లకు చేసినవి. గీజరును చిన్నదానికి తగిలిస్తే ఏమవుతుంది? తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలు. ప్లగ్గు కరుగుతుంది, నిప్పూ అంటుకోవచ్చు. చేయి తడిస్తే చర్మం నిరోధం తగ్గుతుంది కనుక షాకు ఎక్కువ కొడుతుంది. తడిచేతితో స్విచ్చి ముట్టవద్దని మన పెద్దలనేది ఓమ్ నియమమే.

గళ్ళు తప్పరాదు

రూపాయల గడిలో బస్తాల సంఖ్య వేస్తే ఏ ఆడిటరూ ఊరుకోడు. ఫిజిక్సులో ప్రమాణాలు అట్టివే. కిలోమీటర్లు మీటర్లుగా, గంటలు సెకన్లుగా మార్చకుండా సూత్రంలో వేస్తే జవాబు తప్పుతుంది. గంటకు 36 కిలోమీటర్లంటే 3600 సెకన్లకు 36,000 మీటర్లు, అనగా సెకనుకు 10 మీటర్లు.

ఈ వేగంతోనే ఇంకొక సూత్రం ఉన్నది: గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం వర్గం. మోటారుసైకిలు 30 నుంచి 60కి పెంచితే వేగం రెండింతలు, శక్తి నాలుగింతలు. బ్రేకు పట్టు అంతే ఉంటే, బ్రేకు పడ్డ తరువాత బండి ఆగడానికి పట్టే దూరమూ నాలుగింతలు. బండి తాళం అడిగే కొడుకు చేత ముందు ఈ లెక్క చేయించవలె.

కనుక తలిదండ్రులకు మనవి. పిల్లవాడు సూత్రం అప్పజెప్పగానే మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో ఒక్కొక్క మాటకు అర్థమేమిటి? దేనిని దేనితో కొలుస్తారు? మన ఇంట్లో ఇది ఎక్కడ కనబడుతుంది? తెలుగులో జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి దానిని తమిళంలోనో ఇంగ్లీషులోనో వ్రాయడం పెద్ద కష్టం కాదు. ఈసారి కరెంటు బిల్లు వచ్చినప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లోని పరికరాల వాట్లు, అవి పనిచేసిన గంటలు వారి చేతనే వ్రాయించి, మొత్తం యూనిట్లు బిల్లుతో సరిపోతాయేమో చూడమనండి.