మడచెట్టు – చవిటినేల



మా కోటవురట్ల రైతు ఒకాయన కాకినాడ వెళ్లి, దగ్గరలోని కోరంగి మడ అడవి చూచి వచ్చాడు. వచ్చీ రాగానే, "ఉప్పునీళ్లలో అంత పచ్చగా ఉందేటి బాబూ ఆ చెట్టు! చెరువు కింద నా అర ఎకరం చవుడు వుత్తినే పడివుంది. నాలుగు మొక్కలు తెచ్చి నాటితే బతకవేటి?" అన్నాడు. కోరంగి 1978 నుంచీ అభయారణ్యం, అక్కడ మొక్క పీకటం నేరం. ఆ మాట అటుంచండి, ప్రశ్న మటుకు మంచిదే.

మడచెట్టు ఉప్పు తిని బతకదు, ఓర్చుకుంటుంది. తెల్లమడ ఆకును తడిమితే వేలికి ఉప్పురవ్వలు తగులుతాయి. లోపలికి వచ్చిన ఉప్పును ఆకు బయటికి కక్కుతుంది. ఉప్పుపొన్న చాలా ఉప్పును వేళ్లదగ్గరే ఆపేస్తుంది. తిల్ల సాధారణంగా లోపలి మెరకన వుంటుంది. (దాని పాలు కంట్లో పడనీయకండి.)

ఆ బురదను కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అందులో గాలి ఆడదు గనుక సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. అది వేరుకు విషం. తెల్లమడ పెన్సిళ్లవంటి వేళ్లను పైకి నిలబెట్టి, గాలి పీల్చి అడుగుకు పంపుతుంది. ఆ వేళ్ల చుట్టూ వున్న కాస్త మట్టిలో విషం విరుగుతుంది. అంటే మట్టినిబట్టి చెట్టు, చెట్టునుబట్టి మట్టి కూడానన్నమాట.

వీటన్నిటికీ మించినది ఆటుపోటు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అది నిలిచి ఎండితే ఇంకా చిక్కబడుతుంది. గోదావరి, కృష్ణా ముఖాల్లో పూర్వం అడవి నరికినచోట నేల కుంగింది, నీరు నిలిచి ఉప్పు పేరింది, చివరకు మడ కూడా మొలవలేదు! ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి చేపముల్లులా కాలువలు తవ్వి పోటు నీరు ఆడించిన తరువాతనే మొక్క నిలిచింది.

మన చెరువు కింద పోటు ఎక్కడిది? మన చవుడు కథ వేరు. పాలచవుడైతే మంచినీరు కట్టి, మురుగు తీస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. కారుచవుడైతే వట్టి నీటితో లొంగదు, జిప్సం వెయ్యాలి. ఏదైనదీ కంటితో చూచి చెప్పలేము. అందుకే ఆయనను మొక్క కాదు, మట్టి తెమ్మన్నాను. మీరూ ఎనిమిది పది చోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో తీసుకురండి. పైన పేరిన తెల్లపొరను మాత్రం వేరే పొట్లం కట్టండి.