బండి పాతదైనా... పంపు చూసి కొనండి!

మదనపల్లె టమాటాలైనా, చిత్తూరు మామిడికాయలైనా మార్కెట్టుకి చేరాలంటే పికప్‌ బండే దిక్కు. కానుగ నూనెతో చేసిన బయోడీజిల్‌ పోసి నడుపుదామని సెకండ్‌హ్యాండ్‌ బండి కోసం వెతుకుతున్నారా? రంగూ టైర్లూ తర్వాత, ముందు బానెట్‌ ఎత్తి ఇంధన పంపు చూడండి.

1900లో ప్యారిస్‌ ప్రదర్శనలో ఓ డీజిల్‌ ఇంజిన్‌ నడిచింది మన సీమ పంట అయిన వేరుసెనగ నూనెతోనే! మెకానికల్‌ పంపు ఉన్న పాత ఇంజిన్లు ఇలాంటి ఇంధనాన్ని కొంతవరకూ తట్టుకుంటాయి. కామన్‌రైల్‌ ఇంజిన్లలో ఇంజెక్టర్ల రంధ్రాలు సన్నం, ఒత్తిడి ఎక్కువ. ఇంధనం శుభ్రంగా లేకపోతే జేబుకి చిల్లే. 2020 ఏప్రిల్‌లో మొదలైన బీఎస్‌-6 డీజిల్‌ బండ్ల జోలికి అసలు పోకపోవడమే మేలు.

అలాగని గానుగలో ఆడిన నూనెను నేరుగా పోయకూడదు. మిథనాల్‌తో చర్య జరిపించి, గ్లిజరిన్‌ తీసేస్తేనే అది బయోడీజిల్‌. అదైనా పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, ట్యాంకులోని మడ్డిని కదిపి ఫిల్టరుకి అడ్డం వేస్తుంది. వాటిని మార్చే ఖర్చూ బేరంలోనే లెక్కేసుకోవాలి.

ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్‌ చేయించండి. భాకరాపేట ఘాట్‌ ఎక్కిస్తే దాని సత్తా తెలిసిపోతుంది. ఆర్సీ, ఎఫ్‌సీ సరిచూసుకోండి. మార్పులు చేయించే ముందు రవాణాశాఖ కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోండి. చౌకగా వచ్చిందని తొందరపడితే ఇంధనంలో మిగిలింది మెకానిక్కుకే!