చేర్యాల పటం: సృజనకు ప్రేరణనిచ్చే కథన పద్ధతి

వ్యాస సంగ్రహం:
జానపద కళ నుండి ప్రేరణ పొందడమంటే దాని రంగులను, ఆకృతులను స్వీకరించడమేనా? చేర్యాల పటచిత్రకళ ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. పటంలోని కథన పద్ధతి నేటి సృజనకారులకు అందించగల అంశాలను వివరిస్తుంది.

కీలకపదాలు: చేర్యాల, నకాషీ, పటం కథ, ఆశ్రిత కులాలు, కథనం.

1. ఉపోద్ఘాతం:
చేర్యాల నేటి సిద్దిపేట జిల్లాలో ఉంది. ఇక్కడి నకాషీ చిత్రకారులు గీసిన పటాలను చూపుతూ కథ చెప్పడం కొన్ని ఆశ్రిత కులాల వృత్తి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని వినిపిస్తారు. అందువల్ల గీసే నకాషీ, చెప్పే కథకుడు, వినే కులం - ఈ ముగ్గురికీ పటంలో భాగం ఉంది.

2. పటం తయారీ:
నేతగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుజిగురు కలిపిన పూతను పలుమార్లు పట్టించి ఆరబెడతారు. ఆ తరువాతే బొమ్మలు గీస్తారు. ఊరూరా తిరిగే కథకుడు చుట్టి మోసుకుపోవడానికి, విప్పి చూపడానికి అనువైన రూపం ఇది.

3. కథన పద్ధతి:
పొడవైన పటాన్ని అడ్డవరుసలుగా విభజించి, మధ్యలో పూల అంచులు వేస్తారు. నేపథ్యం ప్రధానంగా ఎరుపు. కథకుడు వరుస వెంట వరుస చూపుతూ కథ నడుపుతాడు. ఒకే పాత్ర అనేక ఘట్టాలలో కనిపించినా, మేనిరంగు, వేషం, ఆభరణాలను బట్టి ప్రేక్షకుడు గుర్తిస్తాడు. ఒకటి రెండు చెట్లతో అడవి, స్తంభాలతో రాజభవనం స్ఫురిస్తాయి. చిత్రం ఘట్టాన్ని సూచిస్తుంది. సంభాషణ, వర్ణన, హాస్యం కథకుడి వంతు. చిత్రకారుడు కథకుడి కోసం కొంత చోటు విడిచిపెట్టడమే ఈ కళలోని కీలకం.

4. ప్రేరణ - అనుకరణ:
పటం కథలకు ఆదరణ తగ్గాక నకాషీలు గోడకు తగిలించే చిన్న చిత్రాలు, రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో చేసే మాస్కులు తయారుచేస్తున్నారు. ఈ మార్పు వారి జీవనోపాధిని నిలిపింది. అయితే ఒంటరి చిత్రంలో ముందువెనుకల కథ ఉండదు. ఎర్రని నేపథ్యాన్ని, విశాలమైన కళ్ళను మాత్రమే స్వీకరిస్తే మిగిలేది అలంకారం. కథారచయిత ఘట్టాల కూర్పును, నాటక దర్శకుడు ఒక్క గుర్తుతో స్థలాన్ని స్ఫురింపజేసే పొదుపును, కవి శ్రోతకు వదిలే చోటును ఈ పటం నుండి గ్రహించవచ్చు.

5. ముగింపు:
జీర్ణించిన పటానికి అంత్యక్రియల వంటి తంతు జరిపి నీటిలో కలిపే సంప్రదాయం ఉంది. అంటే పటాన్ని ప్రాణమున్నదానిగా భావించారు. ఆ ప్రాణం కథకుడి గొంతులో ఉంది. మ్యూజియంలో పటాన్ని భద్రపరచినా ఆ గొంతు నిలవదు. కనుక బొమ్మను, కథనాన్ని కలిపి నమోదు చేయడం జానపద పరిశోధకుల తక్షణ కర్తవ్యం. అప్పుడే రాబోయే సృజనకారులకు పటం సంపూర్ణంగా అందుతుంది.