యాంటీబయాటిక్స్ వెలికితీతలో ద్రావణి ఎంపిక – పెన్సిలిన్ ఉదాహరణగా ఒక పరిశీలన

వరిలో పాముపొడ తెగులు నివారణకు వాడే వాలిడామైసిన్, అగ్గితెగులుకు వాడే కాసుగామైసిన్, పశువైద్యంలో విరివిగా వినియోగించే పెన్సిలిన్ – ఇవన్నీ సూక్ష్మజీవుల కిణ్వనం ద్వారా తయారయ్యేవే. అయితే కిణ్వనం పూర్తయ్యేసరికి తొట్టిలో ఉండేది శుద్ధమైన మందు కాదు. శిలీంధ్రపు పోగులు, ప్రోటీన్లు, లవణాలు, వర్ణకాలు, మిగిలిపోయిన పోషకాలు కలిసిన చిక్కని ద్రవం అది. ఆధునిక పెన్సిలిన్ కిణ్వనంలో సైతం ఆ ద్రవంలో మందు పాలు సుమారు 4-5 శాతం మాత్రమే. మిగిలిన దాని నుండి ఈ కొద్ది భాగాన్ని, చెడిపోకుండా, తక్కువ ఖర్చుతో వేరుచేయడంలో ద్రావణి ఎంపిక కీలకమైనది. ఇటీవల కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి కర్మాగారం ఏర్పాటైన నేపథ్యంలో ఈ అంశం మన విద్యార్థులకు మరింత సన్నిహితమైనది.

మూలసూత్రం

నీటిలో కలవని ద్రావణిని కిణ్వన ద్రవంతో కలిపి, తిరిగి వేరుపడనిచ్చినప్పుడు మందు ఆ రెండు పొరల మధ్య ఒక నిర్దిష్ట నిష్పత్తిలో పంపిణీ అవుతుంది. ద్రావణి పొరలోని గాఢతను నీటి పొరలోని గాఢతతో భాగించగా వచ్చే విలువే విభజన గుణకం. ఈ విలువ ద్రావణిపైనే కాక, నీటి పొర ఉదజని సూచికపై కూడా ఆధారపడి ఉంటుంది.

పెన్సిలిన్-జి ఒక బలహీన ఆమ్లం. దీని పీకేఏ విలువ సుమారు 2.75. అయనీకరణం చెందని రూపం సేంద్రియ ద్రావణిలో, అయాన్ రూపం నీటిలో ఇష్టపూర్వకంగా కరుగుతాయి. లెక్క ప్రకారం ఉదజని సూచిక 2 వద్ద సుమారు 85 శాతం, 2.75 వద్ద 50 శాతం, 4.75 వద్ద కేవలం 1 శాతం పెన్సిలిన్ అయనీకరణం చెందని రూపంలో ఉంటుంది. 7 వద్ద అది దాదాపు శూన్యం. అందుచేత ద్రవాన్ని ఆమ్లీకరించి మందును ద్రావణిలోనికి తెచ్చి, తరువాత తటస్థ బఫరుతో కలిపి తిరిగి నీటిలోనికి రప్పిస్తారు. ఈ రెండో మెట్టును 1940 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డులో నార్మన్ హీట్లీ సూచించారు. ఆనాడు తొలుత ఈథర్‌ను, తరువాత అమైల్ అసిటేట్‌ను వాడారు.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. ఏ ఆమ్లత్వం వెలికితీతకు అనుకూలమో, అదే ఆమ్లత్వం పెన్సిలిన్‌లోని బీటా-లాక్టం వలయాన్ని ఛేదిస్తుంది. ఉదజని సూచిక 2 వద్ద, గది ఉష్ణోగ్రతలో, నిమిషాల వ్యవధిలోనే మందు గణనీయంగా క్షీణిస్తుంది. కనుక ద్రవాన్ని 0-5 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచి, అపకేంద్ర యంత్రాలలో అతి స్వల్పకాలం మాత్రమే ద్రావణితో కలుపుతారు. ద్రావణి ఎంత మంచిదైనా పొరలు వేరుపడటానికి గంటలు పట్టేదైతే పెన్సిలిన్‌కు పనికిరాదు.

ద్రావణుల పోలిక

ముఖ్యమైన కొన్ని ద్రావణుల గుణాలు పట్టికలో సుమారు విలువలుగా ఇవ్వబడినవి.

| ద్రావణి | మరుగు స్థానం (డిగ్రీల సెం.) | నీటిలో కరిగే శాతం | జ్వలన స్థానం (డిగ్రీల సెం.) |
|---|---|---|---|
| ఇథైల్ అసిటేట్ | 77 | 8 | -4 |
| క్లోరోఫాం | 61 | 0.8 | మండదు |
| మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ | 116 | 1.9 | 14 |
| బ్యూటైల్ అసిటేట్ | 126 | 0.7 | 22 |
| అమైల్ అసిటేట్ | 149 | 0.2 | 25 |

మరుగు స్థానం తక్కువగా ఉన్నందున ఇథైల్ అసిటేట్‌ను తిరిగి రాబట్టడం తేలికని తోచవచ్చు. కానీ ప్రతి వెయ్యి లీటర్ల నీటి పొరలో సుమారు 80 కిలోల ఇథైల్ అసిటేట్ కరిగిపోగలదు. బ్యూటైల్ అసిటేట్ విషయంలో ఇది సుమారు 7 కిలోలే. క్లోరోఫాం మండదు, కానీ దాని విషస్వభావం ప్రతిబంధకం. అంతర్జాతీయ ఔషధ మార్గదర్శకాల ప్రకారం తయారైన మందులో క్లోరోఫాం అవశేషం 60 పీపీఎం మించరాదు. బ్యూటైల్ అసిటేట్ తక్కువ విషస్వభావం గల మూడో తరగతికి చెందినది. దానికి 5,000 పీపీఎం వరకు అనుమతి ఉన్నది. అమైల్ అసిటేట్ నష్టం ఇంకా తక్కువైనా మరుగు స్థానం హెచ్చు. ఈ గుణదోషాలన్నిటినీ బేరీజు వేయగా పెన్సిలిన్ పరిశ్రమలో బ్యూటైల్ అసిటేట్ ప్రధాన స్థానం పొందినది. నీటితో కలిసి ఇది సుమారు 90 డిగ్రీల వద్దనే ఆవిరవుతుంది గనుక, నీటి ఆవిరిని పంపి వ్యర్థజలం నుండి తిరిగి రాబట్టవచ్చు.

దశల సంఖ్య – ఒక ఉదాహరణ

విభజన గుణకం 20 అనీ, నాలుగు పాళ్ల ద్రవానికి ఒక పాలు ద్రావణి వాడారనీ అనుకొందాం. ఒకే దశలో 83.3 శాతం మందు వెలికివస్తుంది. అదే పరిమాణపు ద్రావణిని రెండు దశలలో ద్రవానికి ఎదురుగా ప్రవహింపజేస్తే 96.8 శాతం, మూడు దశలలో 99.4 శాతం లభిస్తుంది. అనగా అదనపు ద్రావణి లేకుండానే నష్టం 16.7 శాతం నుండి 0.6 శాతానికి తగ్గుతుంది. ద్రావణి ఎంపికను, యంత్ర ఎంపికను విడివిడిగా చూడరాదనడానికి ఈ లెక్కే నిదర్శనం.

ఆచరణలో మరో సమస్య ఎమల్షన్. పోషకంగా వాడే మొక్కజొన్న నానబెట్టిన ద్రవంలోని ప్రోటీన్లు, శిలీంధ్ర కణాల నుండి వెలువడిన ప్రోటీన్లు రెండు పొరల నడుమ చేరి వాటిని వేరుపడనివ్వవు. ముందుగా శిలీంధ్రాన్ని శుభ్రంగా వడపోయడం, ఎమల్షన్‌ను విరిచే పదార్థాలను కలపడం దీనికి పరిష్కారాలు.

అన్ని మందులకూ ఒకే మార్గం కాదు

ఎరిత్రోమైసిన్ బలహీన క్షారం. కనుక దానికి క్రమం తలక్రిందులవుతుంది: క్షార మాధ్యమంలో ద్రావణిలోనికి, ఆమ్ల మాధ్యమంలో తిరిగి నీటిలోనికి. నిస్టాటిన్ చాలావరకు కణసముదాయంలోనే నిలిచిపోతుంది కనుక దానిని మిథనాల్ వంటి ఆల్కహాల్‌తో తీయవలసి ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్, కాసుగామైసిన్ వంటివి నీటిని ఎంతగా ఇష్టపడతాయంటే, సాధారణ ద్రావణులేవీ వాటిని ఆకర్షించలేవు. వాటికి అయాన్ వినిమయ రెసిన్లే శరణ్యం. కాబట్టి ద్రావణి ఏదన్న ప్రశ్నకు ముందు, అసలు ద్రావణి అవసరమా అన్న ప్రశ్న వేసుకోవాలి.

వ్యవసాయదారునికి సంబంధం

వెలికితీతలో మిగిలిన మందు ఎక్కడికి పోతుంది? కొంత వ్యర్థజలంలోనికి, కొంత శిలీంధ్రపు పిప్పిలోనికి. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ వ్యర్థాల శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు నమోదైనది. ఆ మందు రసాయన సంశ్లేషణతో తయారయ్యేదే అయినా, హెచ్చరిక అన్నిటికీ వర్తిస్తుంది. అటువంటి నీరు చేలకు, చెరువులకు చేరితే మందును తట్టుకొనే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. శిలీంధ్రపు పిప్పిలో నత్రజని సమృద్ధిగా ఉన్నదని, చవకగా దొరుకుతున్నదని ఎరువుగా వేసే ముందు, అందులో మందు, ద్రావణి అవశేషాలు లేవని పరీక్షా నివేదిక కోరవలసిందిగా రైతులకు విస్తరణ శాస్త్రవేత్తలు సూచించాలి.

ముగింపు

మంచి ద్రావణి అంటే మందును అధికంగా కరిగించేది మాత్రమే కాదు. మందును చెడగొట్టక, నీటిలో తక్కువగా కరిగి, త్వరగా వేరుపడి, సులభంగా తిరిగి లభించి, కార్మికునికీ రోగికీ నేలకూ హాని తక్కువగా చేసేదే మంచి ద్రావణి. ఒక గుణం కోసం మిగిలిన వాటిని విస్మరిస్తే, కర్మాగారంలో ఆదా అయిన ఖర్చును చివరకు పొలమే భరించవలసి వస్తుంది.