బీపీ 112/74 ఉన్నా సిస్టర్ ఎందుకు పరిగెత్తింది?

పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకు జారి పడ్డ పాతికేళ్ల కుర్రాణ్ని ఆస్పత్రికి తెచ్చారనుకుందాం. పైకి పెద్ద గాయాలేమీ లేవు. బీపీ 112/74. వెంట వచ్చిన బావమరిది ‘బీపీ నార్మలేనంట, భయం లేదు’ అని అప్పుడే ఇంటికి ఫోన్ చేసేశాడు. సిస్టర్ మాత్రం డాక్టరు కోసం పరిగెత్తింది. ఆమె చూసిన అంకెలు వేరు: నాడి 118, శ్వాస నిమిషానికి 24, ఆక్సిజన్ 95. పైగా చేతులు చల్లగా ఉన్నాయి.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. కడుపు లోపల ముప్పావు లీటరు, లీటరు కారిపోయినా వయసులో ఉన్నవాడి శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి బీపీని నిలబెట్టేస్తుంది. బీపీ పడిపోవడం ప్రమాదానికి మొదటి గుర్తు కాదు, ఆఖరి గుర్తుల్లో ఒకటి. అదే 112/74 పక్క మంచం మీది డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఉందనుకోండి. ఆయనకు రోజూ ఉండే బీపీ 160 అయితే ఇది పడిపోయినట్టే లెక్క. అటెనలాల్ లాంటి మాత్ర వేసుకునేవాడైతే ఎంత రక్తం పోతున్నా నాడి 84 దాటకపోవచ్చు. ఒకే అంకె, ఇద్దరు మనుషులు, రెండు అర్థాలు. నర్సింగ్ చదువులో పుస్తకం ఆగిపోయి విచక్షణ మొదలయ్యేది ఇక్కడే.

ఈ విచక్షణకు సాయంగా బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక పాయింట్ల పట్టిక తెచ్చింది, 2017లో సవరించింది. దాని ప్రకారం మన కుర్రాడికి నాడికి 2, శ్వాసకు 2, ఆక్సిజన్‌కు 1, మొత్తం 5. అయిదు వచ్చిందంటే డాక్టరు వెంటనే రావాలి, ఏడు గానీ ఆపైన గానీ వస్తే అత్యవసరం. అయితే ఆ పట్టిక 16 ఏళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ పనికిరాదు. శ్వాస నిమిషానికి 45 ఉంటే ఏడాది దాటిన పిల్లాడికి నిమోనియా అనుమానించాలి. పుట్టి వారమైన బిడ్డకు అది మామూలే, అక్కడ హద్దు 60.

అన్ని అంకెల్లోకీ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాసే. బీపీకి, ఆక్సిజన్‌కు మిషన్లున్నాయి. శ్వాసను మాత్రం పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం దొరుకుతుందా అన్నది అసలు ప్రశ్న. సాధారణ ఆస్పత్రి వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం, బోధనాస్పత్రిలో అయితే ముగ్గురికి ఒకరు. రాత్రి డ్యూటీలో 30 మంచాలకు ఒక్కరే ఉన్నారనుకుంటే, శ్వాస లెక్కకే అరగంట. బీపీ, జ్వరం, నాడి కలిపి మనిషికి 5 నిమిషాలంటే రెండున్నర గంటలు. ఈలోపు సూదులు, మాత్రలు, ‘గ్లూకోజ్ అయిపోయింది సిస్టర్’ అనే కేకలు. అమెరికాలో లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స వార్డుల్లో నర్సుకు అదనంగా ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. కేసు షీట్లలో శ్వాస దగ్గర వరసగా 20, 20, 20 అని కనిపిస్తే నర్సును తిట్టే ముందు మంచాలు లెక్కపెట్టడం న్యాయం.

మన సీమలో విచక్షణకు అసలు పరీక్ష పాముకాటు. శనక్కాయ చేలలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రక్తపింజర కాటేస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని పట్టే పరీక్ష చాలా చవక: 2 మి.లీ. రక్తం కొత్త పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గాజే ఎందుకంటే, రక్తం గాజుకు తగిలితే గడ్డకడుతుంది, ప్లాస్టిక్‌లో సరిగా కట్టదు. సబ్బుతో కడిగిన గొట్టమైనా తప్పు ఫలితమే. రక్తం నీళ్లలా జారితే విరుగుడు మందు, ఏఎస్‌వీ, మొదట 10 వయల్స్ ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము చిన్నపిల్లాడని విషం తగ్గించి వదలదు. పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి, మందే పడకపోవచ్చు గనక.

కట్లపాము సంగతి ఇంకో రకం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, నొప్పీ వాపూ దాదాపు ఉండవు. తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తారు. గొట్టంలో రక్తం చక్కగా గడ్డకడుతుంది. పరీక్ష నార్మల్ అని ఇంటికి పంపితే ప్రాణం పోతుంది. ఆ విషం పనిచేసేది నరాల మీద. కనురెప్పలు వాలుతున్నాయా, మింగలేకపోతున్నాడా, ‘రాత్రి ఎక్కడ పడుకున్నావు నాయనా’ అని అడిగారా? ఆ ప్రశ్న ఏ మిషనూ అడగదు.

ప్రసవాల వార్డులో ఇంకో లెక్క ఉంది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. పెద్దాస్పత్రికి పంపే ముందు ఏఎన్ఎం ఇవ్వగల తొలి మోతాదు 10 గ్రాములు, రెండు పిరుదులకు చెరో అయిదు. ఆంపూల్‌లో ఉండేది ఒక గ్రాము, అంటే పది ఆంపూళ్లు పగలగొట్టాలి. చేయి వణికే పనే. కానీ హిందూపురం నుంచి అనంతపురానికైనా బెంగళూరుకైనా దాదాపు వంద కిలోమీటర్లు. 108లో ఎక్కించాక ఫిట్స్ తిరగబెడితే ఏం చేస్తారు? తర్వాతి మోతాదులకు ముందు మూడు చూడాలి: మోకాలి మీద తడితే కాలు ఎగరాలి, శ్వాస 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మి.లీ. రావాలి. మందు ఎక్కువైతే ఊపిరి ఆగడానికి ముందే మోకాలి కుదుపు మాయమవుతుంది. అది కనిపెట్టిన నర్సు సూది ఆపి, క్యాల్షియం గ్లూకోనేట్ అందుకుంటుంది.

ఆస్పత్రిలో ఉన్నవాళ్ల బంధువులు చేయగలిగిన సాయమూ ఉంది. అర లీటరు బాటిల్ 4 గంటల్లో ఎక్కాలంటే, 20 చుక్కలకు ఒక మి.లీ. అయ్యే సెట్టులో నిమిషానికి 42 చుక్కలు పడాలి. తొందరగా ఇంటికెళ్లాలని దాని చక్రం తిప్పకండి, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మీవాళ్లకు రోజూ ఉండే బీపీ ఎంతో, వేసుకునే మాత్రలేవో సిస్టర్‌కు చెప్పండి, వీలైతే మాత్రల అట్టలు తెచ్చి చూపించండి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఇంకో మాట. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మి.లీ.కి 40 యూనిట్లది, పెన్నుల్లోది 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజీ 40కి, నారింజ మూత సిరంజీ 100కి. 100 మందును ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా అని తర్వాతి సూదికి ముందే చూసుకోండి.