గాజు తొట్టిలో పోట్లాట చేప: మన ఎండలకు ఆగేనా?

ప్రొద్దుటూరు: పందెం కోడి లాంటిదే ఈ బెట్టా చేప. పుట్టిల్లు థాయిలాండు. ఆ దేశం 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. రెండు మగ చేపలను కలిపి వేస్తే రెక్కలు చీలేలా కొట్టుకుంటాయి. కనుక తొట్టికి ఒక్కటే ఉండాలి.

కొర్రమీను లాగే ఇదీ పైకొచ్చి గాలి పీలుస్తుంది. అందుకే గాలి మోటారు లేకున్నా బతుకుతుంది. అంతమాత్రాన సీసాలో కుక్కడం పాపమే. 10, 15 లీటర్ల తొట్టయినా కావాలి. ఎగిరి దూకే జాతి కాబట్టి చిల్లుల మూత పెట్టాలి.

అసలు చిక్కు నీళ్లతోనూ, ఎండతోనూ. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. వెడల్పు పాత్రలో ఒక రోజు నిలవ ఉంచి పోయాలి. దీనికి 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి. జమ్మలమడుగు, పులివెందుల వైపు మే నెల ఎండ 40 దాటుతుంది. రేకుల కింద పెట్టిన తొట్టి ఉడికిపోతుంది. మంచినీళ్ల కుండకు చుట్టినట్టే తడి గోనెపట్టా చుట్టాలి. ఐసుగడ్డ మాత్రం వేయరాదు. వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు.

దోమ పిల్లలు దీనికి విందు భోజనం. పెంచలేకపోతే మరొకరికి ఇవ్వండి, పెన్నలో వదలవద్దు.